రొయ్య తలలో దాగిన రక్షకులు

చాలాకాలం నిలవ ఉన్న జంతికలు తింటే నాలుకకు అదోరకం రుచి తగులుతుంది. నూనె ముక్కిపోయిందంటారు పెద్దలు. గాలిలోని ఆక్సిజన్ నూనెతో కలిసినప్పుడు ‘స్వేచ్ఛా ప్రాతిపదికలు’ పుడతాయి. జత లేని ఎలక్ట్రాను గల ఈ కణాలు పక్క అణువు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటాయి. నష్టపోయిన అణువు తన పొరుగు అణువు మీద పడుతుంది. ఇలా గొలుసుకట్టుగా నూనె చెడుతుంది. తమ హైడ్రోజన్‌ను ఇచ్చి ఈ గొలుసును తెంచే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు.

వీటిని రొయ్య తలల నుంచి కూడా తీయవచ్చునంటే నమ్ముతారా? మన దేశంలో పెంచే రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్ చెరువులవే. ఎగుమతికి సిద్ధం చేసేటప్పుడు చాలావాటికి తల, పెంకు తీసేస్తారు. రొయ్య బరువులో ఇవి దాదాపు నూటికి 40 నుంచి 50 పాళ్లు! జీర్ణగ్రంథి ఉండేది తలలోనే కనుక అది త్వరగా కుళ్లుతుంది. ఊరికే పారేస్తే కంపు, కాలుష్యం. కాని అందులో మాంసకృత్తులు పుష్కలం.

మాంసకృత్తు అంటే అమినో ఆమ్లాలు గుచ్చిన పొడవాటి దండ. అది ఉండలా ముడుచుకొని ఉంటుంది. హైడ్రోజన్ ఇవ్వగల టైరోసిన్ వంటి అమినో ఆమ్లాలు చాలావరకు లోపల దాగిపోతాయి. దండను తెంపితే బయటపడతాయి. మరి కత్తెర ఏది? ఎంజైము! మాంసం త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు కదా? బొప్పాయి పాలలోని పపైన్ అటువంటి ఎంజైమే. బాసిల్లస్ జాతి బాక్టీరియా నుంచి తీసే ఆల్కలేజ్ మరొకటి.

తలలను మెత్తగా రుబ్బి, నీళ్లు, ఎంజైము కలిపి, 50-60 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు ఉంచుతారు. తరువాత సుమారు 90 డిగ్రీలకు వేడిచేస్తే ఎంజైము పని ఆగిపోతుంది. వడగట్టిన ద్రవంలో పెప్టైడులనే చిన్న ముక్కలుంటాయి. ఇక్కడ సమయమే కీలకం. తక్కువ తెంపితే దాగినవి బయటపడవు. మరీ తెంపితే పనికొచ్చే ముక్కలూ చెదిరిపోతాయి.

ఫలితం చూడటానికి డి.పి.పి.హెచ్. అనే ఊదారంగు ద్రావణం వాడతారు. అది కూడా స్వేచ్ఛా ప్రాతిపదికే. పెప్టైడులు కలిపితే ఊదా వెలిసి పసుపు రంగుకు తిరుగుతుంది.

అయితే, పరీక్షనాళికలో రంగు వెలిసినంత మాత్రాన అది మందు కాదు. మన జీర్ణాశయంలోని ఎంజైములు ఆ ముక్కలను మళ్లీ తెంపుతాయి. రొయ్యలు పడనివారికి ఇవీ పడకపోవచ్చు. ఈ పరీక్షలన్నీ దాటితేనే, నేటి చెత్త రేపటి ఆహారానికి కాపలా కాస్తుంది.