మంట లేకుండా రాగి

గోడలో ముప్పై ఏళ్లున్న కరెంటు వైరును బయటికి లాగి చూస్తే పైతొడుగు పెళుసెక్కి ఉంటుంది కానీ లోపలి రాగికి పెద్దగా ఏమీ కాదు. ఇవాళ గనుల్లో తవ్వుతున్న ఖనిజంలో చాలాచోట్ల రాగి ఒక శాతం కూడా ఉండదు. తుక్కులో పడే ఇంటి వైరు బరువులో మాత్రం సగానికి పైనే రాగి. ఆ తొడుగును ఎలా వదిలించాలన్నదే చిక్కు.

అందరికీ తోచే దారి నిప్పు పెట్టడం. తొడుగు ఎక్కువగా పీవీసీ, స్వచ్ఛమైన పీవీసీ బరువులో 57 శాతం క్లోరిన్. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. ఆ పొగ 400 డిగ్రీల నుంచి 200 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లారుతుండగా డయాక్సిన్లనే విషాలు పుడతాయి. ఆ చర్యను వేగవంతం చేసే ఉత్ప్రేరకం రాగే కావడం విషాదం. ఘనా రాజధాని అక్రాలోని అగ్బోగ్‌బ్లోషీ తుక్కు యార్డులో ఏళ్ల తరబడి ఇలాగే తీగలు కాల్చారు. అక్కడ తిరిగే కోళ్ల గుడ్లను పరీక్షించి 2019లో ఒక నివేదిక వెలువరించారు. పెద్దవాళ్లు ఒక్క గుడ్డు తిన్నా యూరప్ ఆహార భద్రతా సంస్థ పెట్టిన రోజువారీ హద్దుకు 220 రెట్ల డయాక్సిన్ ఒంట్లో చేరుతుందని అందులో తేలింది. కాల్చే కుర్రాళ్ల ఊపిరితిత్తుల సంగతి చెప్పాలా!

2014లో ఆ యార్డుకు తీగ వలిచే యంత్రాలు వచ్చాయి. రెండు రోలర్ల మధ్య తీగను పంపితే బ్లేడు తొడుగును పొడవునా చీలుస్తుంది. లావు కేబుళ్లకు ఇది చక్కటి పద్ధతి, రాగి మెరుస్తూ బయటికొస్తుంది. ఛార్జర్లలో, కంప్యూటర్లలో ఉండే వెంట్రుకల్లాంటి తీగల్ని మాత్రం అలా వలవలేం. అక్కడ మంటలు ఆగలేదు.

సన్న తీగలకు కావలసింది గ్రాన్యులేటర్. మొదట తీగలను జానెడు ముక్కలుగా కోస్తారు. అయస్కాంతం ఇనుప ముక్కల్ని లాగేస్తుంది. ఆ తరువాత వేగంగా తిరిగే కత్తులు మిగతా ముక్కల్ని కొన్ని మిల్లీమీటర్ల రవ్వగా తురుముతాయి. అంత చిన్నగా తరిగేసరికి తొడుగు రాగిని దానంతటదే వదిలేస్తుంది. రవ్వ జల్లెడ దాటి గాలి బల్ల మీదికి చేరుతుంది. అసలు పని జరిగేది ఇక్కడే.

బల్ల వాలుగా ఉండి అదురుతూ ఉంటుంది. అడుగున సన్నని రంధ్రాల గుండా గాలి పైకి తన్నుకొస్తుంది. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు, పీవీసీది 1.4 గ్రాములకు అటూ ఇటూ. ధాన్యం తూర్పారబట్టినప్పటి పొట్టులాగా ప్లాస్టిక్ గాలిలో తేలి పల్లానికి జారుతుంది. బరువైన రాగి బల్లకు అంటిపెట్టుకుని, ఆ అదురుకు మెరకవైపు పాకుతుంది. రవ్వంతా ఒకే సైజులో లేకపోతే లెక్క తప్పుతుంది, పెద్ద ప్లాస్టిక్ ముక్క, చిన్న రాగి ముక్క గాలికి ఒకటే అయిపోతాయి. అందుకే మంచి ప్లాంటులో జల్లెడలే ప్రాణం. రెండూ విడిపోని ముక్కలు మళ్లీ కత్తుల కిందికి వెళతాయి.

ఈ బల్ల వంశం గనుల్లోది. 1890లలో అమెరికాలోని కొలరాడోలో ఆర్థర్ విల్‌ఫ్లీ ఖనిజాన్ని నీటితో వేరుచేసే అదురు బల్లను రూపొందించాడు. నీళ్లకు బదులు గాలితో నడిచే బల్లలు తరువాతి తరంవి. విత్తనాలు శుభ్రం చేసే యంత్రాల్లోనూ ఇదే సూత్రం. గాలి బల్లకు కూడా చిక్కని పిసరంత రాగిని పట్టడానికి విద్యుత్తు ఉంది. రవ్వకు విద్యుదావేశం ఎక్కించి భూమికి కలిపిన డ్రమ్ము మీద వేస్తారు. రాగి ఆవేశాన్ని వెంటనే వదులుకుని ఎగిరిపోతుంది, వదులుకోలేని ప్లాస్టిక్ డ్రమ్మును పట్టుకుని ఉండిపోతుంది.

శుభ్రమైన తీగ వేస్తే 99 శాతానికి పైగా స్వచ్ఛమైన రాగి వస్తుంది. తగరం పూసిన తీగ, అల్యూమినియం కలిస్తే అది దిగజారుతుంది. ఫాస్ఫరస్ లాంటి మలినం 0.04 శాతం చేరినా రాగి విద్యుద్వాహకత దాదాపు అయిదోవంతు పడిపోతుంది. అలాంటి రాగిని కరిగించి, ఆమ్లపు తొట్టెల్లో విద్యుద్విశ్లేషణ చేసి 99.99 శాతానికి తేవాలి. ఇన్ని మెట్లు ఎక్కినా ఖనిజం నుంచి రాగి తీయడంతో పోలిస్తే 85 శాతం దాకా శక్తి ఆదా.

మిగిలిన ప్లాస్టిక్ రవ్వ మాత్రం ఇంకా తేలని సమస్య. పాత పీవీసీలో సీసం లవణాలు కలిపేవారు కాబట్టి దాన్ని ఎక్కడ పడితే అక్కడ పారబోయకూడదు. యంత్రం ఉందని చెప్పుకునే ప్లాంటు ఆ రవ్వను ఎక్కడికి పంపుతోందో కూడా అడగాలి.

నిప్పు లాభం కూడా కాదు. కాలి పెళుసెక్కిన తీగను అంతర్జాతీయ తుక్కు ప్రమాణాలు మొదటి రకంలో చేర్చవు, దానికి ధర తగ్గుతుంది. ఇల్లు రీవైరింగ్ చేయించినప్పుడు రాగిని, అల్యూమినియాన్ని విడివిడిగా కట్టి, కాల్చకుండా వలిపించే లేదా గ్రాన్యులేటర్‌కు పంపే కొట్టుకే అమ్మండి. ఖాళీ స్థలంలో తీగలు కాలుస్తున్నవాళ్లు కనిపిస్తే పిల్లల్ని దూరంగా తీసుకెళ్లి, పురపాలక సంఘానికి ఫిర్యాదు చేయండి.