ఇంగ్లీషు 'లే' వేరు, మన 'లే' వేరు

పొద్దున్నే మన ఇండ్లల్లో పిల్లల్ని 'లే, లే' అని నిద్ర లేపుతాం. ఇంగ్లీషులో 'లే' అంటే దానికి తలకిందులు, పడుకోబెట్టడం. ఈ మాట అర్థం తెలీక నేనొక మనిషికి చేసిన చెరుపు ఈ నెల మీతో చెప్పుకుంటా.

కోవిల్‌పట్టి పక్కన ఒక మిల్లులో రింగ్ ఫ్రేమ్ మీద ముప్పై ఏండ్లకు పైన పనిచేసినా. చదివింది అయిదో క్లాసు. ఒకసారి నూలు అమ్ముడుపోక గోడౌను నిండిపోయింది. గేటు దగ్గర నోటీసు అంటించినారు. అందులో మేము గుర్తుపట్టిన మాట ఒక్కటే, 'లేఆఫ్'. పక్క ఫ్రేములో పనిచేసే తమ్ముని వరసవాడు "ఇదేమిన్నా?" అని అడిగినాడు. "ఇంకేముందిరా, పని పోయినట్టే" అన్నా. వాడు ఆ రాత్రే బస్సెక్కి తిరుప్పూరు పోయినాడు.

మర్నాడు యూనియన్ ఆఫీసులో అసలు సంగతి చెప్పినారు. పని పోలేదు. సరుకు నిలిచిపోయినా, కరెంటు లేకపోయినా, పత్తి అందకపోయినా, మిషను చెడినా కొన్నాళ్ళు పని ఇవ్వలేమని చెప్పడమే లేఆఫ్. మస్టర్ రోల్లో పేరు అట్లే ఉంటుంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, మా మిల్లు వంటి పెద్ద మిల్లులో ఏడాది సర్వీసు నిండిన కార్మికునికి బేసిక్, డి.ఏ. కలిపి అందులో సగం ఇవ్వాల. అయితే రోజుకొక్కసారి మిల్లుకు పోయి హాజరు పడాల. నేను పోయినా, సగం తీసుకున్నా. వాని అడ్రసు కనుక్కొని కార్డు రాసి పిలిపించేసరికి పదిహేను రోజులైపోయె. ఆ రోజులకు వానికి పైసా రాలేదు. వాడు నన్నొక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ.

మొన్న మనవరాలు డిక్షనరీ చూసి చెప్పింది. ఇంగ్లీషులో 'లై' అంటే పడుకోవడం, 'లే' అంటే పడుకోబెట్టడం. రెండూ పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన ఒకే కుదురు మాటలు. 'నిన్న పడుకున్నాడు' అనాలన్నా మళ్ళీ 'లే' అనే అనాలంట. అందుకే ఇంగ్లీషువాళ్ళే తడబడతారంట. మిల్లు మనల్ని కొన్నాళ్ళు పక్కన పడుకోబెడుతుంది, మళ్ళీ లేపుతుంది. లేఆఫ్ అంటే అదీ.

'రిట్రెంచ్' అట్లాంటిది కాదు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాటకు కోసేయడం అని అర్థం. అంటే పని పోయినట్టే. దానికి అదే చట్టంలో నెల నోటీసు, సర్వీసు ఏడాదికి పదిహేను రోజుల జీతం అని రాసి ఉండింది. 2020 కోడ్‌లో కూడా ఈ రెండు మాటలూ వేరువేరే.

ఇప్పుడు చెన్నైలో కంప్యూటర్ పని చేసే మన పిల్లలు 'లేఆఫ్' అంటే భయపడతారు. అది అమెరికా వాడుక. అక్కడ పని పోయినా అదే మాట అంటారు. కాబట్టి మాట విని ఊరు విడవొద్దు, మాట విని ధీమాగా కూర్చోవద్దు. "మస్టర్లో నా పేరుందా, లేదా?" అని ముందు అడగండి. సంతకం తర్వాత.