లాభం ఉంది, డబ్బేది?

ఏళ్ల తరబడి చిన్న పరిశ్రమ నడిపిన అనుభవంతో, కొత్తగా షెడ్డు తెరిచేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే: అమ్మకం సగం పనే, వసూలైతేనే పూర్తయినట్టు. ఆర్డర్లు లేక మూతపడిన యూనిట్లకన్నా, చేతినిండా ఆర్డర్లుండీ జీతాలకు డబ్బు లేక మూతపడినవే ఎక్కువ చూశాను. ఎందుకో లెక్క వేద్దాం.

90 రోజుల ఖరీదు

నెలకు 10 లక్షల సరుకు అమ్మే యూనిట్ అనుకోండి. ఖర్చు 9 లక్షలు, లాభం లక్ష. పార్టీలు 90 రోజులకు డబ్బిస్తే ఎప్పుడూ 30 లక్షలు బయటే ఉంటాయి. అందులో మనం పెట్టిన ఖర్చు 27 లక్షలు. ముడిసరుకు వాళ్లు 5 లక్షలకు నెల అరువిచ్చినా, మిగతా 22 లక్షలు మనమే తేవాలి. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ) వడ్డీ ఏడాదికి 12 శాతమైతే నెలకు 22 వేలు. అంటే లాభంలో ఐదో వంతుకు పైనే. అదే 45 రోజుల్లో వసూలైతే 8.5 లక్షలు చాలు, వడ్డీ 8,500.

ఆర్డర్లు రెట్టింపైతే? 90 రోజుల గడువు మీద ఇంకో 22 లక్షలు వెతకాలి. చిన్న యూనిట్‌కు ఎదిగే ఏడాదే గడ్డు ఏడాది.

డిస్కౌంటు, మొండిబాకీ

10 శాతం లాభమున్న సరుకు ధర 5 శాతం తగ్గిస్తే సగం లాభం పోతుంది. పాత లాభమే రావాలంటే రెట్టింపు సరుకు అమ్మాలి. 2 లక్షల బిల్లు మునిగితే మన ఖర్చు 1.8 లక్షలు పోయినట్టే. దాన్ని పూడ్చుకోవడానికి 18 లక్షల కొత్త అమ్మకం కావాలి. పాత బాకీ తీర్చకుండా కొత్త ఆర్డరు ఆశ చూపే పార్టీకి సరుకు పంపేముందు ఈ లెక్క చూసుకోవాలి.

చట్టం ఇచ్చిన గడువు

2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సరుకు తయారుచేసే, సేవలందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. పైగా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటిన బకాయిని కొన్నవాళ్లు నిజంగా చెల్లించిన ఏడాదే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోవాలి.

ఈ హక్కు అక్కరకు రావాలంటే సరఫరాకు ముందే ఎంఎస్ఎంఈల ప్రభుత్వ నమోదైన ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీద వేయాలి. డెలివరీ చలానా మీద పార్టీ స్టోర్స్ వాళ్ల సంతకం, స్టాంపు ఉంటే సరిపోదు, తేదీ కూడా వేయించాలి. 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే గడువు లెక్క ఆ తేదీ నుంచే.

గట్టిగా అడిగితే ఆర్డరు పోతుందన్న భయం సహజం. కానీ ఆర్డరు పోతే పోయేది 10 శాతం లాభం, బిల్లు మునిగితే దాంతోపాటు 90 శాతం పెట్టుబడి. కాబట్టి ధర మాట్లాడిన రోజే గడువూ తేల్చుకుని, ఆర్డరు కాగితం మీద రాయించుకోండి.