అక్షరాల చిక్కు

కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి పేరు వినగానే సిద్ధేంద్రయోగి, ఆయన భామాకలాపం జ్ఞప్తికి వస్తాయి. ఆ గ్రామపు భాగవతుల ఇండ్లలో నాట్యవిద్య తరతరాలుగా గురుముఖతః సాగింది. గురువు కర్రతో తాళం వేస్తూ జతులు పలికితే, శిష్యుడు చెవితో విని, నోటితో చెప్పి, పాదంతో తట్టి నేర్చుకొనేవాడు. పుస్తకం అక్కడ ప్రధానం కాదు. నేటి పాఠశాలలో మాత్రం అచ్చుపుటయే విద్యకు ముఖద్వారం. ఆ ద్వారం వద్దనే ఆగిపోయే బాలబాలికలు ప్రతి ఊరిలోనూ ఉన్నారు.

వీరి తెలివికి లోటు లేదు. విన్న కథను చక్కగా చెప్పగల పిల్లవాడే దానిని చదవమంటే తడబడతాడు. 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్ ఇట్టి పదునాలుగేండ్ల బాలుని గురించి వైద్యపత్రికలో వ్రాశాడు. ఈ స్థితినే డిస్లెక్సియా అంటారు. ఇది ప్రధానంగా చూపులోని దోషం కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో జతపరచడంలోని ఇబ్బంది.

తెలుగులో వ్రాతకు, ఉచ్చారణకు పొత్తు దాదాపు స్థిరం. ఇంగ్లీషు చదివే పిల్లలకు ఆ అదృష్టం లేదు. కాని మన లిపిలో గుర్తులు ఎక్కువ. ప, ష, వ అన్నవి ఒకదానినొకటి పోలి ఉంటాయి. మ, య లూ అంతే. గుడి పైకి, ఒత్తు క్రిందికి పోతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో నాలుగు ధ్వనులు ఒదిగి ఉన్నాయి. పెద్దలు దీనిని గమనింపక పిల్లవానిని ‘మొద్దు’ అని పిలుస్తారు. క్రమంగా వాడు కూడ ఆ మాటనే నమ్ముతాడు.

కొందరికి వేరొక బాధ. తెల్లకాగితంపై నల్లని వరుసలు కదులుతున్నట్లు తోస్తాయి. కన్నులు అలసిపోతాయి, తలనొప్పి వస్తుంది. దీనిని దృష్టి ఒత్తిడి అనవచ్చు. 1980 దశకంలో అమెరికాలో హెలెన్ ఇర్లెన్ ఇందుకై రంగుటద్దాలను ప్రచారంలోకి తెచ్చింది. వాటితో హాయిగా ఉందని చెప్పేవారున్నారు. అయితే వాటివలన డిస్లెక్సియా తొలగుతుందనడానికి తగిన ఆధారం లేదు. అమెరికా శిశువైద్యుల సంఘం 2009లో ఆ పద్ధతిని సమర్థించలేదు. వేలు పోసి అద్దాలు కొనేముందు కంటివైద్యుని సంప్రదించడం మేలు. పెద్ద అక్షరాలు, వరుసల మధ్య ఎడం, మెరుపులేని కాగితం, చదివే వరుస క్రింద ఒక అట్టముక్క – వీటికి పెద్ద ఖర్చు లేదు.

డిస్లెక్సియాకు మందు లేదు, బోధన ఉంది. ధ్వనిని, అక్షరాన్ని క్రమపద్ధతిలో, నెలల తరబడి జతచేసి నేర్పాలి. చూపు, వినికిడి, స్పర్శ మూడింటినీ కలిపే పద్ధతిని అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ రూపొందించారు. మన వీధిబడులలో ఇసుకలో ఓనమాలు దిద్దిస్తూ బిగ్గరగా పలికించడం ఇందుకు దూరపు చుట్టమే. అట్లని నాట్యం నేర్పితే డిస్లెక్సియా నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. మూడవ తరగతిలో గాని, ఎనిమిదవ యేట గాని ఉపాధ్యాయుడే తొలి పరిశీలన చేయాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు సూచించాయి. ధ్రువపత్రం పొందినవారికి వ్రాతపరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కూడ ఆ యేడే నిర్దేశించారు. పదవ తరగతి పరీక్షల ముందు ధ్రువపత్రానికై ఆస్పత్రుల చుట్టూ తిరిగే తల్లిదండ్రులకు ఈ సంగతి ఏడేండ్ల ముందే తెలియవలసింది.