పడిన చోటికి మరల

పల్నాటి సీమలో పౌరుషమునకు కొదువ లేదని తెలుగువారందరును ఎరుగుదురు. గురజాల యనగానే నలగామరాజు కొలువు, నాయకురాలు నాగమ్మ మంత్రాంగము, కోడిపందెము, దానివెంట మాచెర్లవారి వలస, తుదకు కారెంపూడి రణరంగము వరుసగా కన్నులకు గట్టును. పండ్రెండవ శతాబ్దమునాటి ఆ యుద్ధములో నేలకొరిగిన వీరులకు కారెంపూడిలో నేటికిని ఏటేట ఉత్సవము జరుగుచున్నది. వారి ఆయుధములు పూజలందుకొనుచున్నవి. బాలచంద్రుని కథ విని ఒడలు పులకరింపని పల్నాటి బిడ్డ యుండడు. అయితే ఆ కథలో గమనింపవలసిన విషయమొకటి యున్నది. బాలచంద్రుడు పోయెను, తిరిగి రాలేదు. మన వీరగాథలు చాలవరకు తిరిగి రానివారి గాథలే. పడి, గాయపడి, మంచము పట్టి, నెలల తరబడి చికిత్స పొంది, ఆపైన భయపడుచునే మరల బయలుదేరినవానిని గూర్చి పాడినవారు తక్కువ. అట్టి వీరత్వము కూడ ఒకటి కలదు. అది మొదటిదానికి తీసిపోదని చాటుటకు ఈ కాలపు క్రీడ యొకటి సాక్ష్యమిచ్చుచున్నది. అది మట్టిదారి మోటారుసైకిలు పందెము.

ఆ పందెమునకు నూరేండ్ల చరిత్ర కలదు. ఇంగ్లండులోని సర్రే మండలమందు కాంబర్లీ అను ఊరివద్ద 1924 మార్చి 29వ తేదీన జరిగిన పోటీని దానికి మొదలుగా చెప్పుదురు. గుట్టలు, గుంటలు, బురద వీనిమీదుగా ఎవరు ముందు పోగలరో చూతమన్నదే ఆ పోటీ. నేడు ఈ క్రీడకై ప్రత్యేకముగా బండ్లు తయారగుచున్నవి. సామాన్యపు మోటారుసైకిలుకంటె అవి తేలికైనవి, ఎత్తైనవి. మట్టిని గట్టిగా పట్టుకొనుటకు వాని టైర్లమీద గుబ్బలుండును. కుదుపులను ఓర్చుకొనుటకై వాని ముందుగొట్టములు సుమారు ఒక అడుగు మేర కుదించుకొని మరల సాగును. నడుపువాడు కూర్చుండుట అరుదు. కాళ్లమెట్లమీద నిలువబడి, మోకాళ్లతో పెట్రోలుటాంకును అదిమిపట్టి, చూపును దూరమున నిలిపి పోవును. దినముల తరబడి ఎడారులలో సాగు దూరపు పందెములు ఈ క్రీడకు పెద్దరూపము. 1978 డిసెంబరు 26న పారిసులో మొదలైన డకార్ పందెము వానిలో మిక్కిలి పేరుగన్నది. 2020 నుండి అది సౌదీ అరేబియాలో జరుగుచున్నది.

ఈ క్రీడ కొత్తది కావచ్చును గాని, ఈ పని పల్నాటివారికి కొత్తది కాదు. గురజాల, దాచేపల్లి, రెంటచింతల పరిసరములలో మిరపచేలకు, పత్తిచేలకు పోవు డొంకదారులలో రైతు నడుపునది సామాన్యపు మోటారుసైకిలే యైనను, ఆ దారి మాత్రము పందెపు దారియే. నల్లరేగడి ఎండినప్పుడు నెరియలు విచ్చును. వాన కురిసినప్పుడు చక్రమునకు చుట్టుకొని అడుగు సాగనీయదు. ఎరువుబస్తా, పాలక్యాను, పురుగుమందు కొట్టు పంపు, బడికి పోవు పిల్లవాడు, అందరును అన్నియు ఆ రెండు చక్రములమీదనే. ఇట్టిచోట ఒకడు పడి కాలు విరిగి, ఎముక అతికిన పిమ్మటను బండి యెక్కలేకపోయినచో, అతడు కోల్పోవునది సరదా కాదు, బ్రతుకుతెరువు. ప్రతి పనికిని మరియొకని వెనుక కూర్చుండి పోవలసి వచ్చును. “ఏమిరా, భయమా?” అను ఎత్తిపొడుపు దానిమీద అదనము. ఆ ప్రశ్నకు తగిన సమాధానము మట్టిదారి క్రీడాకారుల జీవితములలో దొరకును.

బెంగుళూరుకు చెందిన ఐశ్వర్య పిస్సే 1995లో జన్మించినది. రోడ్డు పందెములలోను, మట్టిదారి పందెములలోను జాతీయస్థాయిలో పలుమారు గెలిచినది. 2017లో ఆమెకు మెడక్రింది కంటెయెముక విరిగినది. వైద్యులు లోహపు పలకను మరలతో బిగించి దానిని కూర్చిరి. మరుసటి సంవత్సరము, అనగా 2018లో, ఆమె స్పెయిను దేశమున జరుగు బాహా ఆరగాన్ పందెమునకు పోయినది. అచ్చట ప్రమాదము జరిగి ఆమె క్లోమగ్రంథి చీలినది. చేయి విరిగిన కట్టు కట్టవచ్చును. క్లోమము చీలుట ప్రాణముమీదికి వచ్చు గాయము. అంతటితో ఆమె కథ ముగిసినను ఎవ్వరును తప్పుపట్టియుండరు.

ఆమె మరల బండి యెక్కినది. 2019లో ప్రపంచ కప్పు పోటీలు నాలుగు దేశములలో జరిగినవి. మహిళల విభాగములో దుబాయిలో ఆమె మొదటి స్థానము, పోర్చుగల్‌లో మూడవ స్థానము, స్పెయినులో ఐదవ స్థానము, హంగరీలో నాలుగవ స్థానము పొందినది. మొత్తము 65 మార్కులతో ప్రపంచ కప్పును గెలిచినది. రెండవ స్థానము పొందిన పోర్చుగల్ వనిత రీటా వియెరాకు వచ్చినవి 61. మోటారు క్రీడలలో ప్రపంచ బిరుదును గెలిచిన మొదటి భారతీయ వ్యక్తిగా ఐశ్వర్య పేరు నిలిచినది.

ఇచ్చట ఉపాధ్యాయులు నల్లబల్లమీద వ్రాసి చూపదగిన చిన్న లెక్క ఒకటి యున్నది. మొదటి స్థానమునకు 25, మూడవదానికి 16, నాలుగవదానికి 13, ఐదవదానికి 11 మార్కులు. అన్నియు కలిపిన 65. స్పెయినులో వచ్చిన ఆ పదకొండును తీసివేసిన మిగులునవి 54. గెలుపుకు, ఓటమికి నడుమనున్న తేడా నాలుగే మార్కులు. దుబాయి విజయమునకే అందరును చప్పట్లు కొట్టియుందురు. కాని ఒక్క యేడు వెనుక తాను పడిన దేశమునకు, ఆ పందెమునకే మరల పోయి, తొందరపడక, పడక, తుదిగీటు దాటి తెచ్చుకొన్న ఐదవ స్థానము లేకున్నచో ఆ బిరుదు ఆమెకు దక్కెడిది కాదు. పడిన చోటికి మరల పోవువానికి అచ్చట మొదటి స్థానము అక్కరలేదు. పూర్తిచేసి వచ్చుట చాలును.

ఇట్టి కథలన్నియు సుఖాంతములని మాత్రము అనుకొనరాదు. బెంగుళూరు వాడే యైన సి.ఎస్. సంతోష్ 2013లో అబూదాబి ఎడారి పందెములో బండికి నిప్పంటుకొని గాయపడెను. కోలుకొని 2015లో డకార్ పందెమును 36వ స్థానములో పూర్తిచేసి, దానిని పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యెను. అతడే 2021 జనవరిలో సౌదీ అరేబియాలో పడి తలకు గాయమై, వైద్యులు మందులతో కలిగించిన నిద్రావస్థలో దినములు గడపవలసి వచ్చెను. ఆస్ట్రేలియాకు చెందిన టోబీ ప్రైస్ 2013లో మెడయెముకలు విరుగగొట్టుకొని, 2015లో డకార్‌లో మూడవవాడై, 2016లో విజేతయయ్యెను. 2017లో తొడయెముక విరిగెను. 2019లో విరిగిన మణికట్టుతోనే మరల గెలిచెను. ధైర్యము ప్రమాదమునకు కవచము కాదు. పడుట ఈ క్రీడలో ఎప్పుడును మిగిలియుండు సంగతియే. కావుననే మరల ఎక్కువాడు ఎట్లు ఎక్కుచున్నాడన్నది ముఖ్యము.

భయమును గూర్చి తెలుగువారికి ఒక చక్కని కథ యున్నది. తెనాలి రామకృష్ణుని పిల్లి వేడిపాలలో మూతిపెట్టి కాల్చుకొన్నది. ఆనాటినుండి పాలగిన్నె కనబడిన పారిపోయెడిది. నవ్వుకొనుటకు చెప్పుకొను కథయే యైనను, అందులో మనశ్శాస్త్ర సత్యమిమిడి యున్నది. కాల్చినది వేడి, పిల్లి భయపడినది పాలకు. పారిపోయిన ప్రతిసారియు దానికి ప్రాణము కుదుటపడినది. అందుచే పారిపోవుటయే సరియని మరింత గట్టిగా నేర్చుకొన్నది. చల్లనిపాలను ఎన్నడును రుచిచూడలేదు గనుక, తాను పొరబడితినని తెలిసికొను అవకాశమే దానికి లేకపోయినది. బండిమీదనుండి పడినవాని స్థితియు ఇట్టిదే. పడవేసినది ఒక మలుపులోని ఇసుక. మనస్సు భయపడునది బండికంతటికి. ఎక్కకుండ గడచిన ప్రతి దినమును ఆ భయమునకు ఎరువు వేయును.

ఆ పిల్లికి మరల పాలు త్రాగుట నేర్పవచ్చునా? కాంబర్లీ పందెము జరిగిన 1924లోనే అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను పరిశోధకురాలు ఈ ప్రశ్నకు సమాధానము ప్రకటించినది. పీటర్ అను మూడేండ్లలోపు పిల్లవాడు కుందేలును చూచి హడలిపోయెడివాడు. అతడు ఇష్టమైన తినుబండారము తినుచుండగా కుందేలును గది యొక్క ఆ చివర నుంచి, మెల్లమెల్లగా దగ్గరకు జరుపుచు వచ్చిరి. తుదకు ఆ బాలుడు కుందేలును తాకి ఆడుకొనెను. దక్షిణాఫ్రికాకు చెందిన మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే ఈ మార్గమునే పెద్దలకు వర్తింపజేసి 1958లో గ్రంథము ప్రకటించెను. భయమును మెట్లుగా విభజించుట, క్రిందిమెట్టుమీద మనస్సు నెమ్మదించిన పిమ్మటనే పైమెట్టు ఎక్కుట, ఇదియే దాని సారము.

గురజాల యువకునికి ఈ మెట్లు ఎట్లుండును? మొదటిది వైద్యుని అనుమతి. విరిగిన కంటెయెముకకు సాధారణముగ ఆరునుండి పండ్రెండు వారములు, తొడయెముకకు కొన్ని నెలలు పట్టును. తలకు దెబ్బ తగిలియున్నచో మరింత జాగ్రత్త. మొదటిది మానకమునుపే రెండవ దెబ్బ తగులుట మిక్కిలి అపాయకరము. పిమ్మట స్టాండు వేసియున్న బండిమీద ఊరక కూర్చుండుట. ఆపైన ఇంజను ఆపి బండిని నడిపించుకొని పోవుట. తరువాత ఖాళీ మైదానములో పది గజములు పోయి ఆగుట, బ్రేకు పట్టు చేతికి తెలియువరకు పదే పదే ఆగుట. అటుపిమ్మట కంకర, ఎండిన డొంకదారి, తడిసిన నేల. పడిన చోటు కట్టకడపటి మెట్టు. మట్టిమీద ముందు బ్రేకును హఠాత్తుగా నొక్కరాదు. గుంటవైపు చూడరాదు, ఏలనగా చూపు పోయిన చోటికే చక్రమును పోవును. పోదలచిన దారిని చూచువాడు పోగలడు. పడుదునేమోయని గుంటనే చూచువాడు గుంటలోనే పడును. ఈ సూత్రము మోటారుసైకిలుకు మాత్రమే చెందినది కాదని విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.

హెల్మెట్టు మాట ఈ మెట్లన్నింటికంటె ముందుది. 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులోని తీగల వంతెన సమీపమున సినీనటుడు సాయి ధరమ్ తేజ్ మోటారుసైకిలు జారి పడెను. కంటెయెముక విరిగి, ఆసుపత్రిలో నెలకు పైగా గడపెను. పిమ్మట మాట తడబడెడిది. నటునికి మాటయే వృత్తి గదా. దానిని మరల అలవరచుకొని 2023 ఏప్రిలులో ‘విరూపాక్ష’ చిత్రముతో ప్రేక్షకుల ముందుకు వచ్చెను. తన ప్రాణమును కాపాడినది హెల్మెట్టేనని ఆయన పలు సభలలో చెప్పెను. అనేక పరిశోధనలను సమీక్షించి 2008లో కాక్రేన్ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారము హెల్మెట్టు మరణావకాశమును 42 శాతము, తలగాయపు అవకాశమును 69 శాతము తగ్గించును. హెల్మెట్టు లేకుండ ఎక్కుట పౌరుషమనుకొనువాడు పౌరుషమునకు అర్థము మరచినవాడు. పద్దెనిమిది నిండని పిల్లవాని చేతికి గేరుబండి నిచ్చు తల్లిదండ్రులును అట్టివారే. 2019లో సవరించిన చట్టము ప్రకారము శిక్షయు వారికే.

మరల ఎక్కకుండుట కూడ ఒక నిర్ణయమే. ఆలోచించి, ఇంటివారితో మాటాడి, ఇక వద్దని తీర్మానించుకొన్నవాడు పిరికివాడు కాడు. ఎక్కవలెనని కోరికయుండి, అవసరముండి, కాళ్లు వణకి ఆగిపోయినవాని బాధ వేరు. అతనికి కావలసినది ఎత్తిపొడుపు కాదు. నవ్వుదురన్న సిగ్గుతో ఒక్కసారిగా తడినేలమీదికి బండిని దూకించినవాడు మరల పడును. రెండవసారి పడినవాని భయము రెట్టింపగును. అతనికి కావలసినది మైదానపు అంచున నిలువబడి, పది గజములు పోయి ఆగినందులకు “బాగున్నది, ఇంకొకమారు” అని చెప్పు స్నేహితుడొక్కడు.

బడులలోను ఇట్టివారుందురు. ఒక పరీక్షలో తప్పి ఆ పాఠ్యపుస్తకమును ముట్టలేని బాలిక, సభలో పద్యము మరచిపోయి మరల వేదిక యెక్కని బాలుడు, వీరును తమ తమ మలుపులలో పడినవారే. బాలచంద్రుని పాఠము చెప్పునప్పుడు ముందుకు దూకు తెగువను ఉపాధ్యాయులు తప్పక పొగడుదురు. దానితోపాటు, ఆరగాన్‌లో వచ్చిన ఐదవ స్థానమును గూర్చి కూడ ఒకమాట చెప్పినచో, తరగతిలో వెనుకబల్లమీద తలవంచుకొని కూర్చున్న బిడ్డ ఒకడు తల యెత్తి వినును. ఆ బిడ్డకు మొదటి మెట్టు అదియే.