నడిసముద్రంలో దారి

పిల్లలూ! పోర్ట్ లూయిస్ రేవులో అప్పుడప్పుడు పెద్ద పెద్ద విహార నౌకలు ఆగి ఉంటాయి. మీలో చాలామంది వాటిని చూచే ఉంటారు. అటువంటి నౌక ఒక రేవు విడిచి మరొక రేవు చేరేలోపు ఒక్కొక్కసారి మూడు నాలుగు రోజులు నేల కనబడదు. కారు నడిపేవారికి రోడ్డే దారి చూపుతుంది. సముద్రంమీద రోడ్డు లేదు, మైలురాయి లేదు. మరి ఎటు పోవాలో కెప్టెన్ ఎలా నిర్ణయిస్తాడు?

ఒక ఉదాహరణ తీసికొందాము. ఒక నౌక మన పోర్ట్ లూయిస్ నుండి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు వెళ్ళాలి. మీ అట్లాసు తెరిచి, ఈ రెండు రేవుల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టుకోండి. దారం మడగాస్కర్ దక్షిణపు కొనమీదుగా పోతుంది. ఓడ నేలమీద నడవదు గదా! కాబట్టి ఆ కొనను చుట్టి, తీరానికి ఎడంగా, లోతైన నీటిలో దారి ఎన్నుకోవాలి.

సముద్రంలో దూరాన్ని నాటికల్ మైళ్ళలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు పోయే వేగాన్ని ఒక నాట్ అంటారు. డర్బన్ దారి 1,600 నాటికల్ మైళ్ళు అనుకొందాము. 20 నాట్ల వేగంతో 80 గంటలు, 16 నాట్ల వేగంతో 100 గంటలు పడుతుంది. వేగం కొంచెం పెంచినా నూనె ఖర్చు చాలా పెరుగుతుంది. అందుచేత కెప్టెన్ లెక్కను చివరినుండి మొదలుపెడతాడు. డర్బన్‌లో రేవు పైలట్ ఏ గంటకు ఓడ ఎక్కుతాడో తెలిసికొని, దానికి తగిన వేగం నిర్ణయిస్తాడు. కొన్ని గంటలు చేతిలో మిగుల్చుకొంటాడు.

ఈ పని కెప్టెన్ ఒక్కడే చేయడు. సాధారణంగా అతని కింది అధికారి ఒకరు ఎలక్ట్రానిక్ పటంమీద దారి అంతా గీస్తారు. ఎక్కడ మలుపు తిరగాలి, ఎక్కడ లోతు తక్కువ, తీరానికి ఎంత దూరం ఉండాలి అన్నీ గుర్తు పెడతారు. కెప్టెన్ దానిని పరిశీలించి ఒప్పుకొన్న తరువాతనే ఓడ కదులుతుంది.

తరువాత చూడవలసినది వాతావరణం. మన సముద్రంలో నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం. తుఫాను అంటే ఏమిటో మారిషస్ పిల్లలకు చెప్పనక్కరలేదు. మన పూర్వులకు కోరంగివారు అనే పేరు తెచ్చిన ఆ కోరంగి రేవును కూడ 1839లో ఒక తుఫాను ధ్వంసం చేసింది. మన దక్షిణార్ధగోళంలో తుఫాను గాలి గడియారపు ముల్లువలె తిరుగుతుంది. తుఫాను పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే, ఎడమవైపు గాలి ఎక్కువ బలంగా ఉంటుంది. తుఫాను నడక కూడ ఆ గాలికి తోడవుతుంది. అందుచేత కెప్టెన్ ఆ వైపుకు పోడు. తుఫానుతో పందెం వేసి దాని ముందునుండి దాటాలని చూడడు. వేగం తగ్గించి దానిని పోనిస్తాడు, లేదా చుట్టు తిరిగి వెళ్తాడు. మిగుల్చుకొన్న గంటలు అప్పుడే అక్కరకు వస్తాయి.

తుఫాను లేకపోయినా అలలు ఉంటాయి. అవి పక్కనుండి కొడితే ఓడ ఊగుతుంది. భోజనశాలలో పళ్ళాలు జారుతాయి, ముసలివారు తూలి పడతారు. అప్పుడు కెప్టెన్ దిశ కొంచెం మార్చి, అల ఓడ ముందుభాగానికి ఏటవాలుగా తగిలేటట్లు చేస్తాడు. దారి కొన్ని మైళ్ళు పెరిగినా ప్రయాణం సుఖంగా ఉంటుంది.

అయితే కారణం లేకుండా దారి మారిస్తే ఏమవుతుంది? అది మన దీవి కళ్ళారా చూచింది. వకాషియో అనే సరుకుల ఓడ మారిషస్‌కు 22 నాటికల్ మైళ్ళ దూరంనుండి పోవలసి ఉంది. ఆ దూరాన్ని ముందు 5 మైళ్ళకు తగ్గించారు. తరువాత సెల్‌ఫోన్ అందాలని 2 మైళ్ళకు తగ్గించారు. అంత దగ్గరగా పోవడానికి కావలసిన వివరమైన పటం వారు వాడలేదు. 2020 జూలై 25న ఆ ఓడ మన ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బమీదికి ఎక్కింది. సుమారు 1,000 టన్నుల నూనె నీటిలో కలిసింది. ప్రజలు గుడ్డసంచులలో చెరకు ఆకు కూరి, అడ్డుకట్టలు కుట్టి, నూనెను ఆపడానికి పాటుపడ్డారు.

విహార నౌకకు కూడ ఇటువంటి ప్రమాదమే జరిగింది. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే నౌక అనుకొన్న దారి విడిచి ఒక దీవికి మరీ దగ్గరగా పోయి రాతిని ఢీకొన్నది. 32 మంది చనిపోయారు.

మంచి కెప్టెన్ కూడ దారి మారుస్తాడు. తుఫాను తప్పించడానికి, జబ్బుపడినవారిని త్వరగా తీరం చేర్చడానికి మారుస్తాడు. మార్చిన ప్రతిసారి కొత్త దారిని మొదటినుండి పటంమీద పరీక్షిస్తాడు. సరదా కోసం మాత్రం మార్చడు. ఓడలో ఉన్నవారి ప్రాణాలు, తీరాన ఉన్నవారి బ్రతుకులు ఆ గీతమీద ఆధారపడి ఉంటాయి.

కొత్త మాటలు
విహార నౌక – యాత్రికులు సరదాగా ప్రయాణం చేసే ఓడ
రేవు పైలట్ – ఓడను రేవులోకి నడిపించడానికి దారి చెప్పే స్థానిక నావికుడు
ఎడంగా – దూరంగా

ప్రశ్నలు
1. కెప్టెన్ లెక్కను చివరినుండి ఎందుకు మొదలుపెడతాడు?
2. మన సముద్రంలో తుఫానుకు ఏ వైపు ఎక్కువ ప్రమాదం? ఎందుకు?
3. వకాషియో దారిని ఎన్నిసార్లు మార్చారు? ఎందువల్ల ప్రమాదం జరిగింది?
4. అట్లాసులో పోర్ట్ లూయిస్ నుండి విశాఖపట్నానికి దారం పట్టి, ఓడకు మంచి దారి గీయండి.