ఒకే ఏనుగు మీద ఇద్దరు

అమెరికా రెండుగా చీలింది. సిద్ధాంతాలు కుదరకేనా? ఒక స్నేహం, రెండు చావులు వేరే సంగతి చెబుతున్నాయి.

1994లో మన దేశానికి వచ్చిన ఇద్దరు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏనుగెక్కి ఫొటో దిగారు. ముందు ఆంటోనిన్ స్కాలియా, వెనక రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. ఆయన కరడుగట్టిన సంప్రదాయవాది. ఆవిడ ఉదారవాదుల ఆరాధ్యురాలు. తీర్పుల్లో ఒకరి వాదనను ఒకరు తూర్పారబట్టేవారు. కోర్టు బయట మాత్రం ఇద్దరికీ ఒపేరా అంటే ప్రాణం, రెండు కుటుంబాలూ కొత్త సంవత్సరానికి ఒకచోట చేరేవి. ‘ఆడవాళ్ల హక్కుల కోసం పోరాడినదానివి, వెనక కూర్చున్నావేం?’ అని స్నేహితురాళ్లు ఆటపట్టిస్తే, బరువు సరిపోవడానికి మావటి అలా కూర్చోబెట్టాడని ఆవిడ చెప్పేవారు.

వాళ్లు పదవిలోకి వచ్చిన కాలమూ ఇప్పటిలాంటిది కాదు. 1986లో సెనేట్ స్కాలియాకు 98-0తో ఆమోదం తెలిపింది. 1993లో గిన్స్‌బర్గ్‌ను కాదన్నది ముగ్గురే.

నీ మాట నాకు, నా మాట నీకు

2016 ఫిబ్రవరి 13న స్కాలియా కన్నుమూశారు. ఆ స్థానానికి ఒబామా మార్చిలో మెరిక్ గార్లండ్ పేరు ప్రతిపాదించారు. ఎన్నికలకు ఇంకా దాదాపు ఎనిమిది నెలలుంది. అయినా ఎన్నికల ఏడాదిలో ఆ ఖాళీ సంగతి ప్రజలే తేల్చాలంటూ సెనేట్‌లోని రిపబ్లికన్ నాయకుడు మిచ్ మెకానెల్ తలుపు మూసేశారు. 293 రోజులు మూలనపడి ఆ పేరు మురిగిపోయింది. రేపు మా అధ్యక్షుడున్నప్పుడు ఇలాంటి ఖాళీ వస్తే నా మాటలే నాకు అప్పజెప్పండని అదే పార్టీ సెనేటర్ లిండ్సే గ్రాహం సవాలు కూడా చేశారు.

2020 సెప్టెంబరు 18న గిన్స్‌బర్గ్ పోయారు. ఎన్నికలకు గట్టిగా ఏడు వారాలు లేవు. అయినా అక్టోబరు 26కల్లా ఆ స్థానంలో ట్రంప్ ప్రతిపాదించిన ఎమీ కోనీ బారెట్ నియామకం 52-48తో పూర్తయింది. విచారణ జరిపిన కమిటీకి అధ్యక్షుడు ఆ గ్రాహమే! అప్పుడు అధ్యక్షుడిదీ సెనేట్‌దీ వేర్వేరు పార్టీలు, ఇప్పుడు ఒకటేనని మెకానెల్ సమర్థించుకున్నారు. 2016లో ఖాళీ వెంటనే నింపాలన్న డెమొక్రాట్లు ఈసారి ప్రజాతీర్పు దాకా ఆగాలన్నారు. మొత్తానికి రెండు పార్టీలూ డైలాగులు మార్చుకున్నాయి.

గురివింద నలుపు ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. కొడుక్కి క్షమాభిక్ష పెట్టనని పదేపదే చెప్పిన బైడెన్ 2024 డిసెంబరు 1న పెట్టేశారు. శాంతిభద్రతలు, పోలీసులంటూ ఓట్లడిగిన ట్రంప్ 2025 జనవరి 20న గద్దెనెక్కగానే పార్లమెంటు భవనం క్యాపిటల్‌పై దాడి కేసుల్లోని సుమారు 1,500 మందికి ఊరటనిచ్చారు. వాళ్లలో పోలీసుల్ని కొట్టినవాళ్లూ ఉన్నారు.

సంబంధానికి అడ్డు పార్టీ

సంబంధం చూసేటప్పుడు మనవాళ్లు అడిగేవి తెలిసినవే. అమెరికాలో ఇప్పుడు పార్టీ కూడా ఆ జాబితాలో చేరింది. బిడ్డ అవతలి పార్టీ ఇంటికి వెళ్తే బాధపడతామన్నవాళ్లు 1960లో నూటికి అయిదుగురు. 2010లో అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడోవంతు మంది ఆ మాటే అన్నారు.

పార్టీ అభిమానం ముదిరితే బుద్ధి ఎలా నడుస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ కోహెన్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. పేదలకు సాయం చేసే పథకాలు రెండు. ఒకటి చేతికి ఎముక లేనట్టు ఇచ్చేది, ఇంకొకటి పిసినారిది. ‘ఇది మీ పార్టీ మెచ్చినది’ అని చెబితే చాలు, ఉదారవాద విద్యార్థులు పిసినారి పథకానికీ, సంప్రదాయవాదులు ధారాళమైనదానికీ తలూపారు. విచిత్రం ఏమిటంటే, పార్టీ పేరు చూసి కాదు, పథకం మంచిచెడ్డలు చూసే తేల్చుకున్నామని వాళ్లు నమ్మారు. కాబట్టి మాట మార్చే నాయకుడికి భయమెందుకు? అభిమానులకు అది మాట మార్చడంలా కనిపించదు.

చిత్తుప్రతి

పార్టీల పగ అంటని స్నేహం కదా అని ఏనుగెక్కిన ఇద్దరూ రాజీ పడి బతికినవాళ్లు కారు. వర్జీనియా సైనిక విద్యాసంస్థలో ఆడపిల్లలను చేర్చుకోవాలా వద్దా అన్న కేసులో 1996లో మెజారిటీ తీర్పు రాసింది గిన్స్‌బర్గ్. ఒక్కడిగా అడ్డం తిరిగింది స్కాలియా. అయితే ఆవిడ జవాబు రాసుకోవడానికి వ్యవధి ఉండాలని తన అసమ్మతి చిత్తుప్రతిని ముందుగానే తెచ్చి ఇచ్చారు. ఆ కాగితాలు తన వారాంతాన్ని పాడుచేశాయనీ, తీర్పును మాత్రం పదునెక్కించాయనీ ఆవిడ తర్వాత చెప్పుకొన్నారు.